జెల్ తొట్టీ, భాయ్ కోపమూ

“మృదుభాషి, శాంతమూర్తి, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి” అని రాశారండీ! ఎవరి గురించి? మా భాయ్ గురించి!

సెలవు మీద కడపకు వెళ్ళిన మనిషి అక్కడే గుండె ఆగి పోయాడని కబురు రాగానే, మస్కట్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో సంతాపాలు వరదలా వచ్చి పడ్డాయి. ఒకాయన దీపం బొమ్మ పెట్టాడు. పోయినాయన ముస్లిం అని ఎవరో గుర్తుచేస్తే దీపం తీసేసి గులాబీ పెట్టాడు. అంతవరకూ సహించాను. ఆ తర్వాత ఎవరో మహానుభావుడు ఈ ‘మృదుభాషి’ని వదిలాడు. దాని వెనకే చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. రుసైల్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మా షాపులో కూర్చుని అది చదువుతుంటే, నా చేతిలో చల్లారిపోయిన టీ దానంతటదే మళ్ళీ మరిగింది.

మనిషి పోతే మంచి మాట చెప్పాలి, కాదనను. కానీ ఆ మనిషి జీవితమంతా కూడబెట్టుకున్న ఒకే ఒక్క ఆస్తిని, మేలిమి బంగారం లాంటి ఆ కోపాన్ని, ఇలా పట్టపగలు దోచుకుంటారా? ఆయన మృదువుగా మాట్లాడిన పూట నాకు తెలిసి ఒక్కటే. పన్ను పీకించుకోవడానికి వెళితే డాక్టరు మత్తు సూది వేసి నోరు మొద్దుబార్చాడు. ఆ పూట కూడా చేతులతో తిట్టాడు.

మస్కట్ ఎండ సంగతి మీకు తెలిసే ఉంటుంది. కాకులు కూడా నీడ ఉన్న చోటే అరుస్తాయి. అలాంటి ఎండ మా భాయ్ ఎదురైతే తనే పక్క సందులోకి తప్పుకునేది. రూవిలో సిగ్నల్ దగ్గర నిలబడి ఆయన ఎర్రలైటును తిడుతుంటే, అది భయంతోనే పచ్చగా మారేదని నా నమ్మకం. మనిషి చూస్తే అగరువత్తంత. పొగ మాత్రం సిమెంటు ఫ్యాక్టరీది. బట్టతల. చెవుల మీద రెండు వైపులా మిగిలిన కాసిని వెంట్రుకలు కూడా ఎవరిమీదో ఫిర్యాదు చేస్తున్నట్టు నిక్కబొడుచుకునే ఉండేవి.

చొక్కా జేబులో అందరికీ పెన్ను ఉంటుంది. ఈయనకు స్పిరిట్ సీసా ఉండేది, నొక్కితే తుప్పరగా కొట్టే రకం. మా ఎస్టేట్‌లోనే, మా షాపుకు నాలుగు గేట్ల అవతల ఉన్న ఒక ప్రైవేటు ల్యాబులో ఆయన ఇన్‌ఛార్జి. మాంసం, చేప, తేనె లాంటివి పరీక్ష చేసి, ఫలానాదని చెప్పి అమ్మినది నిజంగా ఫలానాదేనా అని తేల్చే చోటు. అక్కడ నేర్చుకున్న శుభ్రం ఆయనకు ఒంటికి పట్టేసింది. కరచాలనం చేద్దామని చెయ్యి చాపితే, ముందు నా చేతిమీద పెళ్ళిపందిట్లో పన్నీరు చిలకరించినట్టు స్పిరిట్ చిలకరించేవాడు. ఏటీఎం మీటలకు కొట్టేవాడు. మంగలి కుర్చీకి కొట్టేవాడు. రూవిలో మేం శుక్రవారాలు కూర్చునే మలబారు హోటల్లో చాయ్ గ్లాసు అంచుకు కొట్టి, ఆరనిచ్చి, అప్పుడు తాగేవాడు.

“భాయ్, చాయ్ ఆసుపత్రి వాసన వస్తోంది” అన్నాను ఒకసారి.

“ఆసుపత్రికి పోయేదానికంటే ఆసుపత్రి వాసన మేలు కదప్పా!” అని లేచాడు. ఆ కేకకు పక్క బల్ల మీద పరోటా పొరలు విడిపోయాయి.

ల్యాబులో అయితే ఆయనకు గుడ్ మార్నింగ్ అనే మాటే లేదు. తలుపు తీస్తూనే, “మల్లేశం! స్పిరిట్ కొట్టినావా?” అనేవాడు. మల్లేశం అంటే ఆ ల్యాబు క్లీనరు. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటినవాడు. నేలకు నొప్పి పుడుతుందేమో అన్నట్టు నడిచేవాడు. “కొట్టిన సార్” అనేవాడు. “ఇంకోసారి కొట్టు!” ఇదీ వాళ్ళ ప్రభాత సేవ.

ఇంతకీ భాయ్ నాకు ఎలా పరిచయమయ్యాడంటే, ఒకరోజు మా షాపు తలుపును పగవాడి తలుపులా తోసుకుని వచ్చి, “దువ్వెన కావల్ల” అన్నాడు.

మాది అక్రిలిక్ షీట్లతో బోర్డులు, కౌంటర్లు, డబ్బాలు చేసే షాపు. నేను ఆయన తల వంక చూశాను. అలా చూడటం నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద సాహసం.

“నా తలకు కాదప్పా! యాడ పెట్టుకునేది? జెల్‌కు! జెల్‌కు దువ్వెన!” అంటూ జేబులోంచి ఒక అక్రిలిక్ ముక్క తీశాడు. పళ్ళు లావుగా, పలకలుగా ఉన్నాయి. రెండు పళ్ళు ఊడిపోయాయి. “ఇది బయట దేశం నుంచి రావల్లంటే నెలలు పడ్తాదంట. నీ మిషను కొయ్యలేదా? లేకపోతే నగల అంగళ్ళ పేర్లు కొయ్యడానికే పనికొస్తాదా?”

మా మిషను పరువు కోసం కోసి ఇచ్చాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి, ఒక్కో పన్నూ పెళ్ళిచూపుల్లో అత్తగారిలా చూసి, మొత్తానికి ఏ వంకా దొరక్క దానికీ కోపం తెచ్చుకున్నాడు. “అసలీ జెల్ ఏంటి భాయ్?” అని నేను అడగకుండా ఉంటే అంతటితో పోయేది.

“జున్ను చూసినావా? అట్లాంటి పలక అనుకో. అది గడ్డ కట్టేటప్పుడు ఈ దువ్వెన గుచ్చి పెట్టి, గట్టిపడినాక తీస్తే గుంతలు పడ్తాయి. ఆ పలకను అక్రిలిక్ తొట్టిలో పెట్టి ఉప్పునీళ్ళు పోసి, గుంతల్లో మాంసం నుంచి తీసిన డీఎన్ఏ పొయ్యల్ల. గుంతల దిక్కు నల్ల తీగ, ఆ కొసకు ఎర్ర తీగ. కరెంటు పెడ్తే డీఎన్ఏ ఎర్ర తీగ దిక్కు లగెత్తుతాది. చిన్న ముక్కలు జెల్ సందుల్లో దూరి ముందర పోతాయి. పెద్దవి ఇరుక్కుని వెనకబడ్తాయి. యాడ ఏ చార ఆగిందో చూస్తే ఇది మేక, ఇది గొర్రె, ఇది ఒంటె అని చెప్పెయ్యొచ్చు.”

“అంటే శుక్రవారం సాయంత్రం రూవి సందుల్లాగా. మీలాంటి సన్నవాళ్ళు దూరిపోతారు, నాలాంటివాళ్ళు ఇరుక్కుంటారు.”

ఆయన నా పొట్టను శాస్త్రీయంగా పరిశీలించాడు. “నువ్వు గుంతలో నుంచే బయటికి రావు” అన్నాడు.

తర్వాత మా షీటొకటి అందుకుని, దాని తరఫున కోర్టులో వాదిస్తున్నట్టు గొంతు పెంచాడు. “అందరూ డీఎన్ఏ, డీఎన్ఏ అని ఎగురుతారు. తొట్టి లేకుంటే డీఎన్ఏ యాడ లగెత్తుతాది, హైవే మీదనా? ఇనుప తొట్టి పెడ్తే కరెంటు తొట్టిలోనే పోతాది. గాజును కొయ్యల్లన్నా అతకల్లన్నా సావు. అక్రిలిక్ అట్లా కాదు. కరెంటు తాగదు, నీళ్ళు తాగదు, లోపల ఏం జరుగుతాందో దాచిపెట్టదు. తొట్టి అదే, మూత అదే, దువ్వెన అదే. ఒక్కడన్నా దాని పేరెత్తుతాడా? ఇంకోటి చెప్తా ఇను. మరీ సన్న ముక్కల్ని వేరు చేసేదానికి ఇంకో జెల్ ఉంది. అక్రిలమైడ్‌తో చేస్తారు. ఆ జెల్లూ నీ షీటూ ఒకే ఇంటిపేరోళ్ళు, దాయాదులు! ఒకడు నీళ్ళు తాగి మెత్తగా పండుకున్నాడు. ఇంకొకడు నీళ్ళు ముట్టకుండా గట్టిగా నిలబడినాడు. ఈ గట్టోని ఒళ్ళో కూచుని ఆ మెత్తోడు పని చేస్తాడు. ఇంత పొత్తుగా ఉండే దాయాదుల్ని మా కడప జిల్లా మొత్తంలో ఒక్క జతను చూపించు!”

మా జిల్లాలోనూ లేరు.

అప్పటినుంచీ ఆయనకు అక్రిలిక్ మీద వల్లమాలిన ప్రేమ. ప్రేమ అన్నాను గానీ, అదీ కోపం రూపంలోనే ఉండేది. “కండ్లకు కనపడల్ల!” అనేది ఆయన సిద్ధాంతం. స్టీలు క్యారియరు దొంగల డబ్బా అని తేల్చి, నా వెంటపడి అక్రిలిక్‌తో టిఫిన్ డబ్బా చేయించుకున్నాడు. ఆయన గుత్తొంకాయ కూర రుసైల్ ఎస్టేట్ మొత్తానికి బహిరంగ ప్రదర్శన అయింది. ఒకరోజు దాన్ని మైక్రోవేవ్‌లో పెడితే ఆవిరికి మెత్తబడి, తమలపాకు చిలకలా ముడుచుకుపోయింది. ఆయన ముందు మైక్రోవేవ్‌ను తిట్టాడు, తర్వాత ఆ బిల్డింగు వైరింగును తిట్టాడు, చివరికి వంకాయను తిట్టాడు. అక్రిలిక్‌ను మాత్రం ఒక్క మాట అనలేదు. మృదుభాషి అనాలంటే, అదిగో, అక్కడొక్క చోట అనండి.

ఇక తొట్టి పగిలిన సంగతి చెప్పాలి. ఆ పగులు వెనక ఒక మనిషి అన్నం ఉంది.

ఒక ఉదయం భాయ్ తెల్లకోటులో ఏదో చుట్టుకుని, పురిటిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని మా షాపులోకి వచ్చాడు. విప్పితే జెల్ తొట్టి. ఒక మూల అతుకు విడిపోయి ఉంది.

“పగలగొట్టినాడప్పా! ఆ మల్లేశం!”

జరిగింది ఇది. ముందురోజు జెల్ నడుస్తుండగా తొట్టి కారింది. ఉప్పునీళ్ళు పోయాయి, కరెంటు ఆగింది, నమూనాలు చెడ్డాయి. అదే సమయానికి, పోర్టులో మాంసం సరుకు ఆగిపోయి ఈ ల్యాబు మాట కోసం ఎదురుచూస్తున్న పెద్ద కస్టమరు అక్కడే నిలబడి ఉన్నాడు. బల్ల మీంచి కారిన నీళ్ళు తిన్నగా వెళ్ళి ఆయన బూట్లను అభిషేకించాయి. మేనేజరు, అక్కడివాళ్ళ మాటలో ముదీర్, “ఎవరు చేశారిది?” అని అరిచాడు. భాయ్ ఆలోచిస్తాడా? ఆలోచన కంటే కోపం ఎప్పుడూ ఒక అడుగు ముందుండే మనిషి. “దాన్ని ముట్టుకునేది మల్లేశమే! ఎత్తి కింద పడేసుంటాడు!” అని ల్యాబు దద్దరిల్లేలా కేకేశాడు.

ముదీరుకు కావలసింది అదే. “ఖలాస్” అన్నాడు. వీసా రద్దు, ఇంటికి టికెట్. “నేను పడగొట్టలే సార్” అని మల్లేశం అన్నాడట. నేలకే వినపడకుండా నడిచేవాడి మాట ముదీరుకు ఏం వినపడుతుంది? ఈ మధ్యాహ్నమే కంపెనీ బండి వచ్చి అతన్ని తీసుకుపోతుంది. ఆ వయసులో, పనిలో వస్తువు పగలగొట్టినవాడన్న పేరుతో వెనక్కి పోతే, మళ్ళీ అతని మొహానికి గల్ఫ్ వీసా పుట్టదు.

“క్లోరోఫామ్ పోసి అతికించు” అన్నాడు భాయ్. అక్రిలిక్ ముక్కలను మేం క్లోరోఫామ్‌తోనే కలుపుతాం. అది షీటునే కాస్త కరిగించి ఒకదానిలో ఒకటి కలిపేస్తుంది.

నేను తొట్టిని ట్యూబులైటుకు ఎత్తి పట్టాను. పగిలింది ఆ ఒక్క మూల కాదు. ప్రతి అతుకు వెంబడీ, ప్రతి స్క్రూ చుట్టూ సన్నని గీతలు, సాలెగూళ్ళలాగా. కిందపడిన వస్తువు పడ్డ చోట పగులుతుంది. ఇది ఒళ్ళంతా పగిలింది. ఈ సాలెగూడును నేనెరుగుదును. కరోనా రోజుల్లో మత్రాలో, రూవిలో ప్రతి కౌంటరుకూ మేం అక్రిలిక్ అడ్డాలు బిగించాం. నేనమ్మినవన్నీ వరసగా నిలబెడితే మస్కట్ నుంచి సలాలా దాకా గోడ కట్టొచ్చు. షాపులవాళ్ళు వాటికి పూటపూటా శానిటైజరు కొట్టారు. కొన్నాళ్ళకు అడ్డాలన్నీ సాలెగూళ్ళయ్యాయి. ఆ సాలెగూళ్ళు పట్టుకొచ్చి నామీద పడ్డారు. సగం తిట్లు అరబ్బీలో, సగం గుజరాతీలో తిన్నాను. అలా తిన్న చదువు మరిచిపోతామా?

“భాయ్, దీన్ని దేంతో తుడుస్తారు?”

“దేంతో ఏంది? స్పిరిట్‌తో! నేనుండంగా స్పిరిట్ లేకుండా ఏదన్నా...”

అంతే. నోరు తెరిచే ఉంది, మాట ఆగింది. మా లేజరు మిషను శబ్దం ఆయన ఉండగా వినపడటం అదే మొదటిసారి.

“రోజూనా?” అన్నాను.

“పొద్దున, మధ్యాన్నం. నాకు అనుమానమొస్తే నడిమధ్యలో ఇంకోసారి.”

“మీకు అనుమానం రానిదెప్పుడు?”

“చూపించు” అన్నాడు. గొంతు మారిపోయింది.

ఒక సన్నని అక్రిలిక్ పట్టీని విల్లులా వంచి బిగించాను. ఆయన జేబులోని సీసాతోనే వంపు మీద కొట్టాను. అతికిన చోటా స్క్రూ బిగించిన చోటా షీటు లోపల ఇలాంటి బిగువే ఉంటుందని, దానికి స్పిరిట్ తగిలితే తట్టుకోదని, సబ్బునీళ్ళు చాలని చెబుతూనే ఉన్నాను. నా మాట పూర్తికాకముందే పట్టీ మీద గీతలు పాకాయి. టక్ మని చిన్న చప్పుడు. భాయ్ దాన్ని ఎంతసేపు చూశాడో!

ఇప్పుడు మీరే చెప్పండి, ఆ స్థితిలో మీరైతే ఏం చేస్తారు? నేనైతే ఏం చేస్తాను? తొట్టి అతికించుకుని, చల్లగా ల్యాబుకు పోయి, రేపటినుంచీ సబ్బునీళ్ళు వాడమని చెప్పి, మల్లేశం టికెట్టు మల్లేశం తలరాత అని ఒక నిట్టూర్పు వదిలి భోంచేస్తాం. లోకం ఇంత నున్నగా నడుస్తున్నది ఆ పద్ధతి మీదే. దానికి శాంత స్వభావం అని పేరు కూడా పెట్టుకున్నాం. గ్రూపులో చేతులు జోడించిన పెద్దలారా, ఆ శాంతమే మా భాయ్‌కి ఉండి ఉంటే మల్లేశం ఆ రాత్రికి విమానంలో ఉండేవాడు!

భాయ్ ఇంకో పట్టీ లాక్కుని, నా చెయ్యి పట్టుకుని బయటికి ఈడ్చాడు. నాలుగు గేట్ల దూరం. ఆ ఎండలో ఆయన వెనక పరిగెత్తి నేను సగం బరువు తగ్గాను. ఆ సగం మళ్ళీ తెచ్చుకోవడానికి ఎన్ని బిర్యానీలు తిన్నానో నాకే తెలుసు.

ముదీరు గదిలో చలి కాశ్మీరులో ఉన్నట్టుంది. భాయ్ సలాం కూడా చెప్పలేదు. పట్టీని ఆయన ముక్కు ముందు రెండు చేతులతో వంచి, “కొట్టు!” అన్నాడు నాతో. నేను కొట్టాను. పట్టీ గీతలు పడి, రెండుగా విరిగి, ఒక ముక్క ఎగిరి ముదీరు కాఫీలో పడింది.

ముదీరుతో భాయ్ మాట్లాడేది దఖ్ఖనీ ఉర్దూలో. కోపం పెరిగేకొద్దీ కడప తెలుగులోకి దిగేవాడు. ముదీరుకు తెలుగు రాదు గానీ భావం మాత్రం అణువంత తరుగు లేకుండా అందేది. సంగతంతా విని ముదీరు హిందీలో తాపీగా అన్నాడు: “అయితే ఏమైంది? తుడిచింది అతనే కదా.”

“తుడవమన్నది నేను! పూటపూటా గొంతు చించుకుని తుడిపించింది నేను! ఆడు చెప్పిన పని చేసినాడు. ఎవర్నన్నా పంపల్లంటే నన్ను పంపు!”

ముదీరు కాఫీలోంచి ముక్క తీసి పక్కన పెట్టాడు. “అరవకు. క్లీనరు పడేశాడంటే కస్టమరు అర్థం చేసుకుంటాడు. ఇన్‌ఛార్జికే తెలియక పాడుచేశాడంటే ల్యాబు పరువేం కావాలి? క్లీనర్లు దొరుకుతారు. నీలాంటివాడు దొరకడు.”

చూశారా, పొగడ్త! మనిషి గొంతు కోసే కత్తికి తేనె పూసి ఇచ్చాడు. నాకే ఒళ్ళు మండింది. నాకు మండితే ఇక ఆయన సంగతి చెప్పాలా? బట్టతల మీద ఎరుపు నుదుటి నుంచి మెడ దాకా పాకింది. గొంతు మాత్రం కేక స్థాయి దాటి, దాని అవతల ఉండే ఒకానొక సన్నని చోటికి వెళ్ళింది.

“మాంసం ముక్క చూసి ఇది మేక, ఇది గొర్రె అని చెప్పే ల్యాబు సారూ మనది. తప్పు ఎవరిదో తెలిసి కూడా చెప్పలేమా? అట్లయితే రేపు మన మాట ఎవడు నమ్మల్ల?”

ముదీరు ఏదో అనబోయాడు. భాయ్ అప్పటికే ఫోను తీసి, బూట్లు తడిసిన కస్టమరు నంబరు వెతుకుతున్నాడు. “నేనే చెప్తా. మీ సరుకు ఆలస్యమైంది నా తెలివి వల్లనే అని చెప్తా. తర్వాత మీరేం చేస్తారో చెయ్యండి.”

“ఫోను పెట్టు” అన్నాడు ముదీరు. మల్లేశం ఉంటాడని ఒప్పుకున్నాడు. కానీ జరిగినదానికి ఎవరో ఒకరు కిందికి దిగాలి కదా, కంపెనీ ధర్మం అది. ఆ రోజునుంచే భాయ్‌ను ఇన్‌ఛార్జి కుర్చీలోంచి లేపి, వచ్చిన నమూనాలు దించుకునే గదికి పంపాడు. నిజం చెప్పినందుకు బహుమానం! పగలగొట్టడం తప్పు, పగలగొట్టానని చెప్పడం ఇంకా పెద్ద తప్పు. ఈ లెక్క ఏ యూనివర్సిటీలో చెబుతారో నాకు ఇప్పటికీ తెలియదు.

“పంపుకో” అని వచ్చేశాడు భాయ్.

వరండా చివర మల్లేశం తన బ్యాగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని బండి కోసం కూర్చున్నాడు. ల్యాబువాళ్ళు తలుపుల సందుల్లోంచి చూస్తున్నారు.

“లెయ్!” అన్నాడు భాయ్. “నువ్వు యాడికీ పోవు. తొట్టిని పగలగొట్టింది నువ్వు కాదు. నేను. నా స్పిరిట్.”

మల్లేశం నా వైపు చూశాడు. నేను తలూపాను. అతను బ్యాగు వదిలి లేచి నిలబడ్డాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

“ఇప్పుడు తిట్టు నన్ను” అన్నాడు భాయ్.

“ఏంది సార్?”

“అందరి ముందర తిట్టినా నిన్ను. అందరి ముందర తిట్టల్ల నువ్వు నన్ను. కానీ!”

“అయ్యో, ఎట్ల తిడ్త సార్? పెద్దోళ్ళు. పోనీయుండ్రి సార్.”

“పోనియ్యడమేంది? తిట్టు! నోరు ల్యా నీకు?”

తిట్టనందుకు కూడా తిట్టే మనిషిని నేను లోకంలో ఆయన్నొక్కణ్ణే చూశాను. మల్లేశం చాలాసేపు వెతుక్కుని, “మీరు... జర సూస్కోవాలె గద సార్” అన్నాడు.

“ఇది తిట్టా? దీవెన మాదిరి ఉంది!”

అప్పుడు మల్లేశం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “తిట్టుడు నాకు రాదు సార్. గని ఒక్క మాట. ఊరికి నాకంటె ముందు ముచ్చట వోయింది. రూమ్‌ల సగం మంది మా దిక్కోళ్ళే. రాత్రి మా ఇంటిది ఫోన్ల అడిగింది, ఏం పలగ్గొట్టినవయ్యా అని. దాని పేరు సుత నాకు తెల్వది సార్. పేరు తెల్వనిదాన్ని పలగ్గొట్టిన్నని ఊరంత అంటున్రు. ఇగ నేను ఈడ ఉన్నా ఆ పేరు ఆడ ఉంటది.”

భాయ్ చెయ్యి చాపాడు. “ఫోను కలుపు. మీ ఆడమనిషికి.”

కలిపాడు. భాయ్ ఫోను లాక్కుని స్పీకరు పెట్టాడు. “అమ్మా! నేను ల్యాబు నుంచి మాట్లాడతాండా. పగిలింది జెల్ తొట్టి. పగలగొట్టింది నీ మొగుడు కాదు, నేను. తప్పు నాది. ఆయన మీదికి నెట్టింది కూడా నేనే.”

అవతల కోడి కూసింది. తర్వాత, “ఎవలయ్య నువ్వు?” అంది గొంతు. “గంత సదువు సదివినవంట, గదేం బుద్ధయ్య నీకు? నువ్వు పలగ్గొట్టి మా ఆయన నెత్తి మీద వెడ్తవా? నిన్నటిసంది నా ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే. నీ నోరు పాడుగాను...”

“ఆగమ్మా” అన్నాడు భాయ్. ఆమె ఆగింది. “ఇంట్లో ఉన్నావా, బయట ఉన్నావా?”

“ఇంట్లనే ఉన్న. ఎందుకు?”

“వాకిట్లోకి రా. నడి వీధిలో నిలబడు. ఇప్పుడు తిట్టు. ఊరంతా ఇనల్ల.”

తలుపు గడియ చప్పుడైంది. కుక్క మొరిగింది. ఆ తర్వాత జగిత్యాల జిల్లాలోని ఒక వీధి మొత్తం రుసైల్ వరండాలోకి వచ్చి నిలబడింది. మీ ఇంటిల్లిపాదీ ఒకే మూకుట్లో తినాలన్నది మొదలు, నీ తొట్టిల పురుగులు పడాలన్నది దాకా, నేను ఒక జన్మలో విన్న తిట్లన్నీ ఒక్క గుక్కలో వచ్చేశాయి. మధ్యలో పక్కింటి ఆడవాళ్ళ గొంతులు, “ఏమైందే?” అని. “గీ సారు పలగ్గొట్టిండంట, మా ఆయన కాదంట!” అని ఆమె వాళ్ళకు చెప్పడం, మళ్ళీ ఇటు తిరిగి అందుకోవడం.

భాయ్ ఫోనును రెండు చేతులతో పట్టుకుని, బడిలో ప్రార్థనకు నిలబడ్డ పిల్లాడిలా నిటారుగా నిలబడ్డాడు. ఒక్కో తిట్టుకూ తల ఊపుతున్నాడు. పక్కన మల్లేశం గోడకు ఆనుకుని, మొహం మోచేతిలో దాచుకుని ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియడం లేదు.

ముదీరు తలుపు తెరుచుకుంది. “ఏమిటీ గోల? ఆపండి!”

“చుప్!” అన్నాడు భాయ్, వేలు పెదవుల మీద పెట్టి. “నన్ను తిడ్తాండారు.”